పసిబిడ్డల లెక్క – పంచాయతీ బాధ్యత

గ్రామ పంచాయతీ కార్యాలయములో పుస్తకములకు కొదువ లేదు. ఇంటిపన్నుల రిజిస్టరు కలదు. వీధి దీపముల పట్టిక కలదు. మంచినీటి కుళాయిల లెక్క కలదు. ఏ వీధిలో ఎంత మేర సిమెంటు రోడ్డు వేసినదియు వ్రాసియుండును. కాని "ఈ ఊరిలో ఆరు సంవత్సరములు నిండని పిల్లలు నేటికి ఎందరు? వారిలో ప్రభుత్వ సహాయము అందుచున్నవారు ఎందరు? అందనివారు ఎవరు?" అని అడిగినచో వెంటనే బదులు చెప్పగల సభ్యులు అరుదు. అది అంగన్‌వాడీ కార్యకర్త చూచుకొను విషయమని తలచుట పరిపాటియైనది.

ఈ పాఠములో మేము చెప్పదలచిన సంగతి ఒక్కటే. పసిబిడ్డల సంరక్షణకు ప్రభుత్వము చేయు సహాయము కాగితముమీద కుటుంబము పేర వ్రాయబడును. నిజమునకు అది బిడ్డకు చేరవలెను. ఆ రెంటి నడుమనున్న దూరమును కొలుచుటకును, తగ్గించుటకును అందరికంటె అనువైన స్థానములో నున్నది పంచాయతీయే. ఇందుకు కంకిపాడు ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము.

పంటసీమలో పసిబిడ్డ

కంకిపాడు విజయవాడనుండి బందరు పోవు రహదారిమీద నున్నది. ఈడుపుగల్లు, పునాదిపాడు, ఉప్పులూరు, గొడవర్రు, తెన్నేరు మొదలగు గ్రామములు దాని చుట్టునున్నవి. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైనదాదిగా ఈ సీమ కాలువనీటి సేద్యమునకు పేరు పొందినది. 1957లో ఆ ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. బందరు, రైవస్, ఏలూరు కాలువలు తూర్పు డెల్టాకు నీరందించుచున్నవి. వరి, ఆ వెనుక మినుము, చెరకు, పసుపు, కూరగాయలు ఇచ్చట పండును.

ఇట్టి సీమలో బిడ్డల పోషణకు లోటేమని కొందరు అడుగవచ్చును. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. అన్నపూర్ణయని పేరుగాంచిన రాష్ట్రములో ఈ అంకె మనలను ఆలోచింపజేయవలెను. పంట పండు సీమలో బిడ్డ సన్నగిల్లుటకు తిండి లేకపోవుట ఒక్కటియే కారణము కాదు. ఆ తిండిని వేళకు కలిపి, ఓపికతో తినిపించు చేయి పగటివేళ ఇంటివద్ద లేకపోవుట కూడ కారణమే. ఊడ్పులకు, కలుపుతీతకు, కోతలకు, మినుము పీకుటకు పోవు తల్లి ఆ చేతిని తనతో పొలమునకు తీసికొని పోవుచున్నది. కావుననే బిడ్డకు ఆహారమును, సంరక్షణను విడదీసి చూడరాదు.

ఈ సహాయము ఎట్లు వచ్చినది

పసిబిడ్డల పోషణకు ప్రభుత్వ ధనము వెచ్చించుట మన దేశములో క్రమముగా పెరిగిన ఏర్పాటు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘము ఏర్పడినది. దానికి మొదటి అధ్యక్షురాలు రాజమహేంద్రవరములో జన్మించిన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. సేవా సంస్థలకు ప్రభుత్వము గ్రాంటు ఇచ్చి, వాటి ద్వారా స్త్రీలకును పిల్లలకును సేవ చేయించు పద్ధతి ఆ సంఘముతో బలపడినది. 1954లో ప్రారంభమైన సంక్షేమ విస్తరణ పథకముల క్రింద గ్రామములలో బాలవాడీలు వెలసినవి. ఆనాడు సహాయము సంస్థకు ఇచ్చు గ్రాంటు. సంస్థ ఉన్నచోట బిడ్డకు దక్కెను, లేనిచోట దక్కలేదు.

1975 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశములో 33 బ్లాకులందు ప్రారంభించబడినది. అదనపు పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్ద ఆసుపత్రికి పంపుట, బడికి ముందటి విద్య, తల్లులకు పోషణారోగ్య బోధ – ఈ ఆరు సేవలను ఒకే కేంద్రమున సమకూర్చుట దాని ఆశయము. అదియే నేటి అంగన్‌వాడీ.

2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఆహారపు హక్కు వ్యాజ్యము ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆ వ్యాజ్యములో 2006 డిసెంబరు 13న న్యాయస్థానము ముఖ్యమైన ఉత్తరువు చేసెను. ఆరేండ్ల లోపు పిల్లలు 40 మంది యుండియు కేంద్రము లేని నివాస ప్రాంతమువారు కోరినచో, మూడు నెలలలో అంగన్‌వాడీ నెలకొల్పవలెనని అందులో చెప్పబడినది. అనగా కోరుటకు గ్రామస్థులకు హక్కు కలదు. అయితే కోరుటకు ముందు ఆ నలుబదిమందిని లెక్కించి చూపవలెను గదా!

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చినది. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆరు సంవత్సరముల వరకు, గర్భిణికిని, ప్రసవమైన పిమ్మట ఆరు నెలల వరకు తల్లికిని, స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితముగా ఆహారము లభింపవలెనని ఆ చట్టము శాసించుచున్నది. మునుపు గ్రాంటుగా నున్నది ఇప్పుడు హక్కుగా మారినది. ఈ భేదము సభ్యులు బాగుగా గ్రహింపవలెను. గ్రాంటు అయిపోయినదని చెప్పవచ్చును, హక్కు అయిపోదు.

ఏ బిడ్డకు ఏమి సహాయము

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా నాలుగు విధముల సహాయమును గుర్తుంచుకొనవలెను.

మొదటిది ఆహారము. ఏడవ నెలనుండి మూడేండ్ల వరకు గల బిడ్డకు ఇంటికి ఆహారము ఇత్తురు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో తయారగు బాలామృతము మన తల్లులకు తెలిసినదే. మూడేండ్లు దాటిన బిడ్డకు కేంద్రములోనే వేడి అన్నము పెట్టవలెను. 2013 నాటి చట్టములో సాధారణ బిడ్డకు దినమునకు 500 కెలోరీలు, తీవ్ర పోషణలోపముగల బిడ్డకు 800 కెలోరీలు అని ప్రమాణము నిర్ణయింపబడినది. 2017లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన రేటు ప్రకారము ఈ ఆహారమునకు సాధారణ బిడ్డకు దినమునకు 8 రూపాయలు, గర్భిణికి, బాలింతకు 9 రూపాయల 50 పైసలు, తీవ్ర లోపముగల బిడ్డకు 12 రూపాయలు. సంవత్సరములో 300 దినములు ఈ ఆహారము అందవలెను. అనగా ఆ రేటుననే చూచినను ఒక బిడ్డ పాలికి సంవత్సరమునకు 2,400 రూపాయల ఆహారము వచ్చును.

రెండవది ప్రసూతి సహాయము. ప్రధానమంత్రి మాతృ వందన యోజన 2017 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. 2022 ఏప్రిల్ 1నుండి వచ్చిన నియమముల ప్రకారము, నిర్దేశింపబడిన వర్గముల తల్లులకు మొదటి కాన్పునకు 3,000, 2,000 రూపాయల చొప్పున రెండు విడతలలో 5,000 రూపాయలు, రెండవ కాన్పులో ఆడపిల్ల పుట్టినచో 6,000 రూపాయలు తల్లి బ్యాంకు ఖాతాకే పోవును. గర్భము వెంటనే నమోదు చేయించుకొని పరీక్ష చేయించుకొనుట, పుట్టిన బిడ్డ జననము నమోదగుట, మొదటి వరుస టీకాలు పడుట ఇందుకు షరతులు. కూలికి పోలేని దినములలో తల్లికి కొంత ఊరట కలిగించుటయే దీని ఉద్దేశము.

మూడవది ఆదరవు కోల్పోయిన బిడ్డకు నెలనెలా ఇచ్చు స్పాన్సర్‌షిప్ సహాయము. 2015 నాటి బాలల న్యాయ చట్టములో దీనికి చోటు కల్పించిరి. మిషన్ వాత్సల్య పథకము క్రింద 2022 నియమముల ప్రకారము నెలకు 4,000 రూపాయలు నిర్ణయింపబడినది. తండ్రి మరణించి తల్లి పోషణలో నున్న పిల్లలు, తల్లిదండ్రులిరువురును లేక అమ్మమ్మయో, పెదనాన్నయో పెంచుచున్న పిల్లలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో మంచము పట్టిన ఇంటి పిల్లలు ఇందులోనికి వత్తురు. గ్రామములలో కుటుంబ ఆదాయము సంవత్సరమునకు 72,000 రూపాయలు మించరాదు. బిడ్డను అనాథాశ్రమమునకు పంపక, సొంతవారి నడుమనే పెంచుట దీని పరమార్థము.

నాలుగవది పగటి సంరక్షణ, అనగా శిశుసంరక్షణ కేంద్రము. తల్లి పనికి పోయినవేళ ఆరు నెలలనుండి ఆరేండ్ల వరకు గల బిడ్డను చూచుకొను ఏర్పాటు ఇది. 2006లో ఒక పథకముగా మొదలై, 2017లో జాతీయ శిశుసంరక్షణ కేంద్రముల పథకముగా మారి, 2022నుండి పాల్నా అను పేర మిషన్ శక్తిలో చేర్చబడినది. పాల్నా అనగా హిందీలో ఊయల. అంగన్‌వాడీనే పగటి సంరక్షణ కేంద్రముగా కూడ నడుపుట దీనిలోని కొత్త పద్ధతి. ఈ నాలుగింటిలోను గ్రామములకు తక్కువగా చేరినది ఇదియే. దీనిని గురించి ముందు వివరింతుము.

కుటుంబములు వేరు, బిడ్డలు వేరు

"మా ఊరిలో ఇన్ని కుటుంబములకు లబ్ధి కలిగినది" అను మాట సభలలో తరచు వినుచుందుము. ఈ మాట నిజమైనను చాలదు. ఒక కుటుంబమును ఊహింతము. ఆ ఇంటిలో నాలుగేండ్ల పిల్లవాడు, ఏడాదిన్నర పాప, ఆరవ నెల గర్భముతో తల్లి కలరు. పిల్లవాడు కేంద్రమునకు పోయి అన్నము తినుచున్నాడు. పాప పేరు ఎక్కలేదు. తల్లి గర్భము నమోదు కాలేదు. కుటుంబముల పట్టికలో ఈ ఇల్లు "సహాయము పొందిన కుటుంబము" అనియే యుండును. కాని ఆ ఇంటిలో మువ్వురికి రావలసిన హక్కు ఒక్కరికే వచ్చినది. లెక్క కుటుంబములతో ఆగిపోయినచో మిగిలిన ఇద్దరు కంటికి కనబడరు.

ఏ ప్రమాణముతో లెక్కించుచున్నామనునది చిన్న విషయము కాదు. మన రాష్ట్రములోనే దీనికి నిదర్శనము కలదు. 2020 జనవరి 9న ప్రారంభమైన అమ్మఒడి పథకములో, బడికిపోవు పిల్లలు ఎందరున్నను తల్లికి ఒక్క మొత్తమే ఇచ్చిరి. 2025 జూన్ 12న ప్రారంభమైన తల్లికి వందనము పథకములో బడికిపోవు ప్రతి బిడ్డకును లెక్క కట్టిరి. అక్కడ ప్రమాణము తల్లి. ఇక్కడ ప్రమాణము బిడ్డ. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఈ తేడా ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇతర దేశములలోను ఈ రెండు లెక్కలను వేరువేరుగా ఉంచుదురు. అమెరికాలో 1990లో చేసిన చట్టము క్రింద, పనికి పోవు స్వల్పాదాయపు తల్లిదండ్రుల పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు గ్రాంటు ఇచ్చుచున్నది. అక్కడి రాష్ట్రములు సహాయము పొందిన కుటుంబములు ఎన్నియో, బిడ్డలు ఎందరో రెండును తెలుపవలెను. 2014లో ఆ చట్టమును సవరించి, ఒకసారి అర్హత నిర్ణయమైన బిడ్డకు సాధారణముగా పండ్రెండు నెలలు సహాయము నిలిచియుండునట్లు చేసిరి. తల్లి పని నడుమ మారినంతమాత్రమున బిడ్డను కేంద్రమునుండి తీసివేయుట వలన బిడ్డకే నష్టమని వారు గ్రహించిరి. మన కూలి తల్లుల పని ఋతువుతో మారును. కావున ఈ సూత్రము మనకును ఆలోచింపదగినదే.

గంటల లెక్క

రూపాయల లెక్కతోపాటు గంటల లెక్క కూడ చూడవలెను. ఆషాఢ, శ్రావణ మాసములలో కాలువలకు నీరు వదలిన పిమ్మట డెల్టాలో ఊడ్పులు ముమ్మరమగును. స్త్రీలు ముఠాలుగా కూడి తెల్లవారుజాముననే ఆటోలలో, ట్రాక్టర్లలో పొలములకు పోవుదురు. తిరిగి వచ్చునప్పటికి ఎనిమిది తొమ్మిది గంటలు గడచును. 2012లో సమగ్ర శిశు అభివృద్ధి పథకమును పునర్వ్యవస్థీకరించినప్పుడు అంగన్‌వాడీ కనీసము ఆరు గంటలు తెరచియుండవలెనని నిర్ణయించిరి. తల్లి పోయిన వెనుక కేంద్రము తెరచును. తల్లి రాకమునుపే మూయును. నడుమ మిగిలిన రెండు మూడు గంటలలో బిడ్డ ఎవరి చేతిలో నుండును?

సాధారణముగా మూడు విధములు జరుగుచున్నది. అవ్వయో తాతయో ఉన్న ఇంట వారు చూచుకొందురు. లేనిచో తల్లి బిడ్డను గట్టుమీదికి తీసికొనిపోయి, చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టును. ఎండ, పురుగు పుట్ర, పంటకు కొట్టు మందులు, అన్నింటికంటె మించి నిండుగా పారు కాలువ – వీటి నడుమ ఆ బిడ్డ పెరుగును. మూడవ విధము, పెద్దపిల్లను బడి మాన్పించి చంటిబిడ్డను ఎత్తుకొనుటకు ఇంట నుంచుట. ఈ మూడవ విధములో నష్టపోవునది ఒక్క బిడ్డ కాదు, ఇద్దరు. చిన్నదానికి తగిన సంరక్షణ లేదు. పెద్దదానికి చదువు లేదు. ఎనిమిదేండ్ల బాలిక తల్లి పని చేయజాలదు. కావున పగటి సంరక్షణకు వెచ్చించు ప్రతి రూపాయయు ఇద్దరు బిడ్డల ఖాతాలో జమయగునని సభ్యులు గుర్తింపవలెను.

పనిచేయు తల్లి బిడ్డ బాధ్యత పని చేయించుకొనువారిపైన కూడ ఉన్నదను సూత్రము మన చట్టములకు క్రొత్త కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్త్రీలు పెక్కుమంది పనిచేయు కర్మాగారములలో శిశుసంరక్షణ గది యుండవలెనని విధించెను. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిచోటికి ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు లేక అంతకు మించి వచ్చినచో, పనివారిలో ఒక స్త్రీని వారిని చూచుకొనుటకు నియమించి, ఆమెకు కూలి ఇవ్వవలెనని చెప్పెను. ఆ చట్టము స్థానమున 2025లో వేరొక చట్టము చేయబడినను, ఐదుగురు పిల్లలకు ఒక సంరక్షకురాలను ఆ సూత్రము విలువ తగ్గలేదు. రైతు సొంతముగా చేయించు ఊడ్పులకు అట్టి నియమము లేదు. అక్కడ చట్టము చేయలేని పనిని గ్రామము కలసి చేయవచ్చును.

2017 నాటి జాతీయ పథకములో కేంద్రమును నెలకు 26 దినములు, దినమునకు ఏడున్నర గంటలు నడుపవలెననియు, వేళలు తల్లుల పనికి అనువుగా నుండవలెననియు భావించిరి. ఏడున్నర గంటలైనను సరియైన వేళకు మొదలైనప్పుడే ప్రయోజనము. పట్టణములో ఉద్యోగిని వేళ వేరు, ఊడ్పుల కూలి వేళ వేరు. ఈ విషయము రాజధానిలో కూర్చుండి నిర్ణయింప వీలుకాదు. ఏ మాసములో ఏ వేళకు తల్లులు పొలమునకు పోవుదురో తెలిసినవారు వార్డు సభ్యులే.

పేరు ఎక్కని బిడ్డలు

కేంద్రములోని పట్టికలో లేని బిడ్డ ఎక్కడనున్నాడు? వెదకి చూచినచో నాలుగైదు చోట్ల కనబడును.

మన ఆచారము ప్రకారము తొలి కాన్పునకు ఆడపిల్ల పుట్టినింటికి పోవును. గర్భము అత్తవారి ఊరిలో నమోదగును; ప్రసవము పుట్టినింటి ఊరివైపు ఆసుపత్రిలో జరుగును; మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డతో తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో పేరు ఒక ఊరి పట్టికలో తొలగి, రెండవ ఊరి పట్టికలో ఎక్కక నిలిచిపోవుట కలదు. మొదటి వేయి దినములు బిడ్డ ఎదుగుదలకు పునాదియని వైద్యులు చెప్పుదురు. ఆ పునాది దినములలోనే బిడ్డ రెండు ఊళ్ల నడుమ జారిపోవుచున్నది.

రెండవది, పనులకై వచ్చిన కుటుంబములు. ఇటుక బట్టీలకు, చెరకు నరుకుటకు, కట్టడపు పనులకు ఇతర జిల్లాలనుండియు, పొరుగు రాష్ట్రములనుండియు వచ్చి గుడిసెలు వేసికొన్నవారి పిల్లలు ఊరి లెక్కలో రారు. "వారు మన ఊరివారు కారు" అని మనము అనుకొందుము. కాని చట్టము బిడ్డను స్థానిక అంగన్‌వాడీకి అప్పగించినది. ఆ బిడ్డ నేడు ఎక్కడ నివసించుచున్నదో అదియే దాని స్థానికము. బిడ్డకు ఆధార్ లేదని ఆహారము నిరాకరింపరాదనియు, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చుననియు కేంద్ర ప్రభుత్వము 2022లో స్పష్టపరచినది.

మూడవది, ఊరిచివరి కాలనీలు, కాలువగట్ల మీది ఇండ్లు. కేంద్రము ఊరి నడుమనుండి, దారిలో పెద్ద రహదారియో కాలువయో దాటవలసియున్నచో మూడేండ్ల బిడ్డ ఒంటరిగా రాజాలదు. తీసికొనివచ్చు పెద్దలు పనికి పోయియుందురు. పేరు పట్టికలో నుండును, బిడ్డ ఇంటిలో నుండును. నాలుగవది, అంగవైకల్యము గల బిడ్డలు. వారిని బయటికి తెచ్చుటకు ఇంటివారే సంకోచింతురు. ఐదవది, తండ్రి పోయిన పిల్లలు. వారి తల్లికి వితంతు పింఛను సంగతి తెలిసియుండును. పిల్లలకు నెలనెలా సహాయము కలదని తెలియకపోవచ్చును. మరణ ధ్రువపత్రము పంచాయతీ కార్యాలయముననే పొందిన ఆ తల్లికి, ఈ సంగతి కూడ ఆనాడే చెప్పినచో ఎంత మేలు!

పంచాయతీ చేయగల పనులు

"ఇవన్నియు శాఖవారి పనులు గదా, మాకేమి అధికారము?" అని సభ్యులు అడుగవచ్చును. రాజ్యాంగములోని 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వాటిలో 25వది స్త్రీ శిశు అభివృద్ధి. 2013 నాటి ఆహార భద్రతా చట్టము తమ పరిధిలో దాని సక్రమమైన అమలుకు స్థానిక సంస్థలే బాధ్యులని చెప్పుచున్నది. సామాజిక తనిఖీ జరుపు అధికారమును కూడ ఇచ్చుచున్నది. 2011లో కేంద్ర ప్రభుత్వము చేసిన ఏర్పాటు ప్రకారము ప్రతి అంగన్‌వాడీకి ఒక పర్యవేక్షణ సహాయ సంఘము ఉండవలెను. దానికి పంచాయతీ వార్డు సభ్యులు, వీలైనంతవరకు మహిళా సభ్యురాలు, అధ్యక్షత వహింపవలెను. కావున అధికారము లేదనుట సరికాదు.

ఇక పని ఎట్లు ప్రారంభింపవలెను? మేము సూచించు క్రమమిది.

ముందుగా ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో ఇంటింటికి పోయి ఆరేండ్ల లోపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, గర్భిణుల పేర్లు స్వయముగా వ్రాసికొనవలెను. కేంద్రము పట్టికను చూచి వ్రాయరాదు. చూచి వ్రాసినచో అందులోని లోపమే ఇందులోను వచ్చును. బట్టీలవద్ద, పొలముల గట్లమీద ఉన్న గుడిసెలను మరువరాదు.

తరువాత ఆ జాబితాను కార్యకర్త పట్టికతో పోల్చవలెను. ఒక వార్డులో సభ్యుని జాబితాలో 46 మంది, పట్టికలో 39 మంది యున్నారని అనుకొందము. తేడా ఏడుగురు. పైన చెప్పిన 2017 నాటి రేటున చూచినను సంవత్సరమునకు 16,800 రూపాయల ఆహారము ఆ ఏడుగురికి అందలేదన్నమాట. ఇది ఎవరో తినివేసిన సొమ్ము కాకపోవచ్చును. అడుగనందున రాని సొమ్ము. అయినను బిడ్డ ఆకలికి ఆ భేదము తెలియదు.

పేరుతో పని ముగియదు. పేరు, హాజరు, తూకము – ఈ మూడు అంకెలను పక్కపక్కన వేసి చూడవలెను. పేరున్నవారిలో నిన్న వచ్చి తిన్నవారెందరు? ఈ నెల తూచినవారెందరు? తూచిన పిదప ఎదుగుదల పట్టికలో గీత పైకి పోవుచున్నదా, క్రిందికి దిగుచున్నదా? ఆరు నెలలనుండి ఐదేండ్ల వరకు గల బిడ్డ చేతి మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటె తక్కువగా నున్నచో అది తీవ్ర లోపమునకు గుర్తు. ఆ బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను.

జనన నమోదు పంచాయతీ చేతిలోని పని. పుట్టిన 21 దినములలో నమోదు చేయింపవలెను. 2023 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన చట్ట సవరణ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరుట మొదలుకొని అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారము. మాతృ వందన సహాయములోని రెండవ విడతకును జనన నమోదు అవసరము. కావున నమోదులో జాప్యము తల్లి ఖాతాలో జాప్యముగా తేలును. తల్లి పేరు ఒక కాగితములో ఒక విధముగను, బ్యాంకు పుస్తకములో మరియొక విధముగను ఉన్నచో ముందుగనే సరిచేయించుట మేలు.

ఊడ్పుల కాలమునకు నెల ముందుగా తల్లులను, ముఠా పెద్దలను, కార్యకర్తను కూర్చుండబెట్టి వేళల విషయము మాటలాడవలెను. పాల్నా క్రింద తమ కేంద్రమును పగటి సంరక్షణ కేంద్రముగా చేయవలెనని తీర్మానము చేసి, బిడ్డల సంఖ్యను, తల్లుల పనివేళలను జతపరచి శిశు అభివృద్ధి పథకపు అధికారికి పంపవలెను. ఊరక "కావలెను" అను తీర్మానము కంటె అంకెలున్న తీర్మానమునకు బలమెక్కువ. మంజూరు వచ్చులోపల ఆ రెండు మూడు గంటలకు మహిళా సంఘముల సాయముతో ఒక సంరక్షకురాలిని ఏర్పాటు చేయుట గ్రామమునకు మించిన భారము కాదు.

ఒక హెచ్చరిక కూడ చేయుచున్నాము. ఈ జాబితాను కార్యకర్తపై నేరారోపణకు వాడరాదు. ఆమె గౌరవ వేతనముపై పనిచేయుచు, వంట చూచి, పాఠము చెప్పి, తూకములు వేసి, ఫోనులో వివరములు నింపుచున్నది. పొయ్యికి గ్యాసు, కేంద్రమునకు నీరు, మరుగుదొడ్డి, ప్రహరీ గోడ లేనప్పుడు తప్పు ఆమెది కాదు, మనది. పంచాయతీ సభ్యుడు కేంద్రమునకు పోయినప్పుడు "ఎందుకు చేయలేదు?" అని కాక, "మేమేమి చేసిన మీకు పని సులువగును?" అని అడుగవలెను. అట్లు అడిగిన చోట పట్టిక నిజముగా నుండును. భయపెట్టిన చోట పట్టిక నిండుగా నుండును.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

రాబోవు పంచాయతీ సమావేశములో ఈ క్రింది ప్రశ్నలను ఉంచవలెనని కోరుచున్నాము.

1. మన గ్రామములో నేటికి ఆరేండ్ల లోపు పిల్లలు ఎందరు? ఈ అంకె ఎవరు, ఎన్నడు లెక్కించినది?

2. గడచిన ఆరు నెలలలో కాన్పునకు పుట్టినింటికి పోయిన తల్లులెవరు? తిరిగి వచ్చిన బిడ్డల పేర్లు మన పట్టికలో ఎక్కినవా?

3. ఊరి పొలిమేరలో బట్టీలయందును, గుడిసెలయందును ఉన్న పిల్లలకు ఏ కేంద్రము బాధ్యత వహించుచున్నది?

4. తండ్రిని కోల్పోయిన పిల్లలు మన వార్డులలో ఎందరు? వారిలో స్పాన్సర్‌షిప్ సహాయమునకు దరఖాస్తు చేసినవారెందరు?

5. చంటిబిడ్డను చూచుకొనుటకై బడి మానిన బాలికలు కలరా? వారిని తిరిగి బడికి పంపుటకు ఏ వేళలలో సంరక్షణ కావలెను?

ఈ ఐదింటికి సమాధానములు పేర్లతో సహా వ్రాసిననాడు, పంచాయతీ పుస్తకములలో క్రొత్త పుస్తకమొకటి చేరును. దీపము వెలుగకున్నచో వీధివారు వచ్చి అడుగుదురు. కుళాయి రాకున్నచో బిందెలతో నిలుతురు. పట్టికలో పేరు లేని ఏడాదిన్నర పాప వచ్చి అడుగజాలదు. ఆ పాప పక్షమున అడుగుటకే ఆ వార్డు ప్రజలు ఒక సభ్యుని ఎన్నుకొనిరి.